పిన్నిగారి చికాగో

మొన్న అక్టోబర్లో చాలా ఏళ్ళకి చికాగో వెళ్ళాను, పిన్నిగారి సంవత్సరీకానికి. కార్యక్రమం ఆదివారం, నేను శుక్రవారం రాత్రికే దిగిపోయాను, ఒక్కరోజన్నా నా అంతట నేను ఆ ఊళ్ళో తిరగాలని. శనివారం పొద్దున్నే రెడ్ లైన్ రైల్లో వచ్చి ఫుల్లర్టన్‌లో దిగి, ప్లాట్‌ఫారం అవతలి పక్క ఆగిన బ్రౌన్ లైన్ ఎక్కాను. నిజానికి మారాల్సిన పనేం లేదు, రెడ్ లైన్లోనే కూర్చుంటే డౌన్‌టౌన్ ఇంకా తొందరగా చేరొచ్చు. కానీ పిన్నిగారు ఎప్పుడూ మార్పించేవారు. "ఆ రెడ్ లైను కాసేపట్లో భూమిలోకి దూరిపోతుంది, చీకట్లో ఏం చూస్తావ్, పైనుంచి పోదాం పద" అనేవారు.

నది దగ్గర పడుతుంటే నాకు తెలీకుండానే గాలి గట్టిగా పీల్చాను. ఏం లేదు. బ్రేకుల ఇనుప వాసన, ఎవరిదో కాఫీ, అంతే.

అప్పట్లో పడమటి గాలి ఉన్న రోజున మర్చండైజ్ మార్ట్ స్టేషన్‌కి వచ్చేసరికి పెట్టె మొత్తం కోకో వాసనతో నిండిపోయేది. రేపర్ విప్పితే వచ్చే తియ్యటి చాక్లెట్ వాసన కాదది. వేయించిన వాసన, కొంచెం మాడినట్టు, కొంచెం చేదుగా, మా నాయనమ్మ మూకుట్లో కాఫీ గింజలు వేయిస్తుంటే వాకిలిదాకా వచ్చేదే, అచ్చం అలాగే. కింజీ స్ట్రీట్‌లో బ్లామర్ వాళ్ళ చాక్లెట్ ఫ్యాక్టరీ ఉండేది, 1939 నుంచీ అక్కడే. 85 ఏళ్ళు ఊరి మధ్యలో కోకో గింజలు వేయించి వేయించి 2024లో మూసేశారు. ఆ వార్త నేను ఫోన్లో చదివిన కొన్ని నెలలకే పిన్నిగారు పోయారు. అందుకేనేమో ఆ రెండూ నా మనసులో ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఎంత ప్రయత్నించినా విడిగా తల్చుకోలేను.

*

పిన్నిగారంటే రక్తసంబంధం కాదు. తెనాల్లో మా అమ్మ పక్కింటి స్నేహితురాలు, ఇద్దరూ ఒకే బడి. పెళ్ళయ్యాక ఆవిడ 1970ల మొదట్లో చికాగో వెళ్ళిపోయారు. బాబాయిగారు ఇంజనీరు. ఈవిడ డిగ్రీ సగంలో ఆపేసిన మనిషి, అక్కడికెళ్ళాక సాయంత్రం క్లాసులకెళ్ళి డ్రాఫ్టింగ్ నేర్చుకుని లూప్‌లో, అంటే డౌన్‌టౌన్ నడిబొడ్డున, ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో చేరారు. పాతికేళ్ళ పాటు బిల్డింగుల డ్రాయింగులు గీశారు, మొదట చేత్తో, తర్వాత కంప్యూటర్ మీద. నేను వెళ్ళేసరికి అప్పుడే రిటైరయ్యారు.

నేనేమో పెళ్ళైన మూడో నెలలో హెచ్-4 మీద, అంటే మావారి ఉద్యోగం మీద వచ్చే భార్య వీసా మీద వచ్చాను, డిసెంబర్లో. డెవాన్ అవెన్యూ, వెస్టర్న్ అవెన్యూ కలిసే చోట మూడో అంతస్తు ఫ్లాటు. మావారు పొద్దున ఆరింటికి సబర్బ్‌లో క్లయింట్ దగ్గరకి వెళ్తే రాత్రి ఎనిమిదికి. కింద వీధిలోకి దిగితే పటేల్ బ్రదర్స్ (వాళ్ళు 1974లో మొదలుపెట్టింది ఆ డెవాన్ మీదే), చీరల షాపులు, మిఠాయి కొట్లు, గాంధీ మార్గ్ అని బోర్డు కూడా. కందిపప్పు దొరికేది, సీసాలో గోంగూర దొరికేది. కానీ నేను కిందకి దిగేదాన్నే కాదు. రేడియేటర్ టకటకమని కొట్టుకుంటుంటే దాని పక్కన కూర్చుని, ఫోన్ కార్డు మీద నిమిషాలు లెక్కబెట్టుకుంటూ ఇంటికి ఎప్పుడు ఫోన్ చెయ్యాలా అని చూస్తూ ఉండేదాన్ని.

మొదటిసారి చూడ్డానికొచ్చినప్పుడు పిన్నిగారు కందిపొడి, సున్నుండలు, ఒక చిన్న కాయితం పొట్లం తెచ్చారు. పొట్లంలో నాలుగు టోకెన్లు. అప్పుడింకా బస్సుకీ ఎల్ ట్రైనుకీ (ఆ ఊరి సిటీ రైళ్ళని అలాగే అంటారు) టోకెన్లు నడిచేవి, చిన్న బిళ్ళలు, గేటులో వేస్తే టక్కుమని చప్పుడయ్యేది (అవి 1999లో తీసేశారు).

"ఏవమ్మాయ్, ఇవి నాలుగు. అంటే రెండుసార్లు వెళ్ళి రావడానికి. వచ్చే మంగళవారానికి అయిపోవాలి. ఎక్కడికైనా వెళ్ళు, దార్లో తప్పిపో, నాకేం ఫర్వాలేదు. మంగళవారం పదకొండింటికి మార్షల్ ఫీల్డ్స్ స్టోర్ గడియారం కింద నిలబడి ఏం చూశావో నాకు చెప్పాలి" అన్నారు.

నేను దారి తెలీదు పిన్నిగారూ అంటే నా అరచేతిలో వేలితో ఒక ప్లస్ గుర్తు గీశారు. "ఇదిగో, స్టేట్ స్ట్రీటూ మాడిసన్ స్ట్రీటూ. ఈ ఊరికి సున్నా ఇక్కడ. ఏ ఇంటి నంబరైనా ఇక్కణ్ణుంచే లెక్క, ఎనిమిది వందలకి ఒక మైలు. మీ డెవాన్ 6400 నార్త్, అంటే ఎన్ని మైళ్ళు?" అన్నారు. ఎనిమిది అన్నాను. "మీ వెస్టర్న్ 2400 వెస్ట్." మూడు. "అంతే. ఇంక నువ్వీ ఊళ్ళో తప్పిపోలేవు" అన్నారు. 1909లో పెట్టారట ఆ పద్ధతి. తర్వాత ఎన్నో ఊళ్ళల్లో ఉన్నాను, జీపీఎస్‌లు వచ్చాయి, కానీ నేనెక్కడున్నానో నాకు ఒంటికి తెలిసిన ఊరు అదొక్కటే.

*

మంగళవారమే ఎందుకంటే అప్పట్లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం మంగళవారాలు ఉచితం. పిన్నిగారు అన్నీ చూసుకునే పెట్టేవారు.

ఆవిడ సబర్బ్ నుంచి మెట్రా రైల్లో నార్త్ వెస్టర్న్ స్టేషన్‌కి వచ్చి అక్కణ్ణుంచి నడిచొచ్చేవారు. నేను 155 నంబర్ బస్సెక్కి, లయోలాలో రెడ్ లైనెక్కి, ఫుల్లర్టన్‌లో బ్రౌన్ లైనుకి మారేదాన్ని. అప్పుడు స్టేషన్ల పేర్లు రైల్లో మనిషే తన గొంతుతో చెప్పేవాడు, ఒక్కొక్కడిదీ ఒక్కో రాగం. ర్యాండాల్ఫ్ స్టేషన్లో దిగితే ప్లాట్‌ఫారం మీంచే మార్షల్ ఫీల్డ్స్ స్టోర్లోకి దారి ఉండేది, చలిలోకి అడుగు పెట్టకుండా తిన్నగా లోపలికి. ఇప్పుడా స్టేషనూ లేదు, దాని బదులు కొత్తది కట్టారు. మార్షల్ ఫీల్డ్స్ పేరూ లేదు, 2006లో మేసీస్ అయింది. గడియారం మాత్రం ఉంది, పచ్చబడ్డ కంచు గడియారం, ఏడు టన్నులు దాటుతుందట. ఆ ఊళ్ళో తరతరాలుగా ఎవరైనా ఎవర్నైనా కలవాలంటే ఫీల్డ్స్ గడియారం కింద అనుకోవడం ఆనవాయితీ. పిన్నిగారు నాకంటే ముందే వచ్చి నిలబడి ఉండేవారు, మడమల దాకా కోటు, కోటు కింద రెండంగుళాల చీర అంచు, తలకి ఉన్ని టోపీ. ఎంత చలైనా చీరే.

ఆవిడ ఊరు చూపించే తీరే వేరు. పెళ్ళయ్యాక కొత్తకోడలికి చుట్టాల్ని పరిచయం చేస్తారు చూడండి, వీళ్ళు మీ మామయ్యగారి మేనత్త, ఈయన కాస్త కోపిష్టి కానీ మనసు మంచిది అని, అచ్చం అలా చెప్పేవారు. స్టేట్, మాడిసన్ మూలన కార్సన్ పిరీ స్కాట్ స్టోర్ ఉండేది, లూయీ సలివాన్ డిజైన్. ఆ గుండ్రటి మూల ద్వారం చుట్టూ పోత ఇనుముతో ఆకులు, తీగలు, మెలికలు, ఖాళీ అన్నది లేకుండా. పిన్నిగారు చేతికున్న గ్లోవ్ తీసేసి ఆ ఇనుము మీద ఒక తీగని వేలితో పట్టుకుని పోయేవారు, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో చూపిస్తూ. "చూడు, చెయ్యి ఎక్కడా ఎత్తలేదు. మెలికల ముగ్గే ఇది." నన్నూ పట్టుకోమనేవారు. జనవరి చలికి ఇనుము వేళ్ళకి అంటుకునేది. "ఇంత చేసినాయన చివరికి 1924లో చేతిలో పైసా లేకుండా ఒక హోటల్ గదిలో పోయాడు తల్లీ" అని సొంత బాబాయి గురించి చెప్తున్నట్టు బాధపడేవారు.

తర్వాత కల్చరల్ సెంటర్. అది 1897లో లైబ్రరీగా కట్టిన బిల్డింగు. 1871 అగ్నిప్రమాదంలో ఊరు తగలబడిపోయి లక్షమంది ఇళ్ళు పోయినప్పుడు ఇంగ్లాండు వాళ్ళు ఎనిమిదివేల పుస్తకాలు పంపించారట, వాటిని పెట్టడానికి చోటు లేక ఖాళీగా పడున్న ఒక ఇనప నీళ్ళ ట్యాంకులో మొదటి లైబ్రరీ పెట్టారట. ఆ కథంటే నాకు ప్రాణం, పదిసార్లు చెప్పించుకున్నాను. పైన మూడో అంతస్తులో టిఫనీ గాజు డోమ్, 38 అడుగుల వెడల్పు, ముప్ఫైవేల ముక్కలు. టికెట్ లేదు, అడిగేవాళ్ళు లేరు. చలికాలం మేం ఆ బిల్డింగు కింద బల్లల దగ్గర కూర్చుని పులిహోర తినేవాళ్ళం, ఎండాకాలమైతే డేలీ ప్లాజాలో పికాసో బొమ్మ ముందు. యాభై అడుగుల ఇనప బొమ్మది, 1967లో పెట్టారు, ఏం బొమ్మో పికాసో చెప్పలేదు. పిల్లలు దాని ఏటవాలు మీద జారుతుంటే పిన్నిగారు డబ్బా మూత మీద అన్నం మెతుకులు పావురాలకి పెట్టేవారు.

*

ఒక మంగళవారం ఆ బల్ల దగ్గరే బ్యాగులోంచి తొమ్మిది పెన్సిళ్ళు తీసి రబ్బర్ బ్యాండ్ వేశారు.

"ఒక్క పెన్సిల్ నిలబెట్టు" అన్నారు. నిలబడలేదు. కట్ట నిలబెట్టారు, నిలబడింది. "ఊదు." ఊదాను. కదల్లేదు. "ఎత్తు పెరిగేకొద్దీ బరువు కాదమ్మాయ్ సమస్య, గాలి. గాలికి వంగకుండా ఉండాలంటే మామూలు పద్ధతిలో లోపలంతా ఇనుము నింపుకుంటూ పోవాలి, ఎవరు భరిస్తారు ఆ ఖర్చు? సియర్స్ టవర్ ఇంజనీరు ఖాన్ గారు ఏం చేశారంటే బలాన్ని బయటి గోడకి తెచ్చేశారు, వెదురు బొంగులా. ఆ టవర్ అలాంటివి తొమ్మిది గొట్టాలు, ఒక్కొక్కటి 75 అడుగుల చదరం. ఇదిగో ఇలా" అని రెండు పెన్సిళ్ళు కిందకి లాగారు, "50వ అంతస్తులో రెండు ఆగిపోతాయి, 66లో రెండు, 90లో మూడు, చివరిదాకా వెళ్ళేవి రెండే." చేతిలో సియర్స్ టవర్ తయారైపోయింది.

ఫజ్లుర్ ఖాన్ ఢాకాలో పుట్టినాయన, శిబ్‌పూర్‌లో, ఢాకాలో చదివి 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయ్ వచ్చారు. మూడేళ్ళలో రెండు మాస్టర్స్, ఒక పీహెచ్‌డీ. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహమ్‌తో కలిసి మొదట హాంకాక్ సెంటర్, ఆ నల్ల బిల్డింగు బయట పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు కనపడతాయే అది, తర్వాత సియర్స్ టవర్. 110 అంతస్తులు, 1,450 అడుగులు, 1973 నుంచి పాతికేళ్ళ దాకా ప్రపంచంలో అంతకంటే ఎత్తైన బిల్డింగు లేదు. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చారు, నా నోటికి మాత్రం ఇప్పటికీ రాదు. ఖాన్ గారు 1982లో జెడ్డాలో ఉండగా పోయారు, 52 ఏళ్ళకే. పిన్నిగారు ఆయన్ని ఎప్పుడూ కలవలేదు, ఆయన ఆఫీసు వేరు. కానీ ఆ కబురొచ్చిన రోజు తమ ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఎవరూ సరిగ్గా పని చెయ్యలేకపోయారని చెప్పేవారు. "మన పక్క నుంచి వచ్చినాయన, మన రంగు మనిషి, ఈ ఊరి ఆకాశాన్నే మార్చేశాడు. నేను బోర్డు ముందు కూర్చుని గీత గీసినప్పుడల్లా నాకది ధైర్యం."

1998లో టవర్ దగ్గర జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధులు కలిసే చోట ఆయన పేరుతో బోర్డు పెట్టారు. ఆ వారం మేం గడియారం కింద కలిసిన వెంటనే ముందు అక్కడికే వెళ్ళాం. ఆవిడ కొత్త చీర కట్టుకొచ్చారు.

*

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మల కంటే ముందు నన్ను ఫుల్లర్టన్ హాల్‌కి తీసికెళ్ళి ఓ కుర్చీలో కూర్చోబెట్టారు. వివేకానందుడు 1893 సెప్టెంబర్ 11న మాట్లాడింది ఆ బిల్డింగులోనే. ఆ హాలు మాత్రం తర్వాత కట్టింది, అప్పటి పెద్ద సభామండపం ఉన్న చోట. బయట మెట్ల దగ్గరున్న రెండు కంచు సింహాలు కూడా ఆ మరుసటి ఏడు వచ్చినవే, "స్వామిజీ వీటిని చూడలేదు" అని పిన్నిగారు గుర్తు చేసేవారు. బిల్డింగు ముందున్న మిషిగన్ అవెన్యూకి 1995లో ఆయన పేరు కలిపి బోర్డు పెట్టారు.

ఆ ఉపన్యాసం గురించి మనందరికీ తెలుసు. ఆవిడ చెప్పింది ఇంకోటి. అదే ఏడు ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మెహబూబ్ కాలేజీలో మాట్లాడారట, తను పడమటి దేశాలకి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారో. మన ఊళ్ళో చెప్పి ఇక్కడికొచ్చారు. వచ్చాక ఏమైంది, సభకి ముందు ఎడ్రస్ కాయితం పోగొట్టుకుని రాత్రి రైల్వే యార్డులో పడుకుని, పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగితే తలుపులు మొహాన వేసేస్తే ఓపిక లేక రోడ్డు పక్క కూర్చుండిపోయారు. ఎదురింట్లోంచి హేల్ అనే ఆవిడ బయటికొచ్చి, సర్వమత సభకి వచ్చారా అని అడిగి ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టింది. "ఎంత గొప్పవాడికైనా కొత్త ఊళ్ళో ఒక తలుపు తెరుచుకోవాలమ్మాయ్" అన్నారు పిన్నిగారు. ఆ కుర్చీలో కూర్చుని నాకు గొంతు పట్టేసింది. ఆవిడ ఇటు చూడకుండా స్టేజి వంకే చూస్తూ కూర్చున్నారు.

హల్ హౌస్ కూడా అలాంటి తలుపే. జేన్ ఆడమ్స్ 1889లో హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో, వలసొచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు, యూదుల మధ్య ఇల్లు తీసుకుని వాళ్ళకి చదువు చెప్పి, వాళ్ళ పిల్లల్ని చూసి, స్నానాల గదులు కట్టించి, అక్కడే బతికిన మనిషి. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. యూనివర్సిటీ కోసం 1960లలో చాలా బిల్డింగులు పడగొట్టేశారు, రెండే మిగిలాయి. ఆ పడగొట్టిన సంగతి చెప్తుంటే పిన్నిగారికి కోపం వచ్చేసేది, గీసే మనిషి కదా.

మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ గురించైతే కోపం కాదు, కళ్ళనీళ్ళే. పిన్నిగారూ వాళ్ళూ అప్పుడు సిటీలోనే ఉండేవారు, ఆవిడ సిటిజన్ అయ్యాక వేసిన మొదటి ఓటు 1983లో ఆయనకే. ఆ ఊరి మొదటి నల్లజాతి మేయర్. 1987లో థాంక్స్‌గివింగ్ ముందు రోజు ఆఫీసులో బల్ల దగ్గరే కుప్పకూలిపోయారు. పిన్నిగారు పిల్లని చంకనేసుకుని చివరి చూపుకి సిటీ హాల్ దగ్గర లైన్లో నిలబడ్డారట. ఆయన పేరు మీద 1991లో తెరిచిన లైబ్రరీయే నాకు చలికాలం రెండో ఇల్లు. టోకెన్లు ఖర్చు పెట్టడానికి ఏమీ తోచకపోతే నేను అక్కడికే పోయేదాన్ని.

*

నా సొంత ప్రయాణాల్లో బాగా గుర్తున్నది ట్రిబ్యూన్ టవర్. 1925లో కట్టిన ఆ పత్రిక బిల్డింగు కింది గోడల్లో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన రాళ్ళు పొదిగారు, చైనా గోడది, ఈజిప్టు పిరమిడ్‌ది. మంచులో గోడ చుట్టూ తిరుగుతూ పేర్లు చదువుతుంటే ఒకదాని కింద తాజ్‌మహల్ అని కనపడింది. ఆగ్రా నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆ చిన్న రాయి మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మంగళవారం అది చెప్తే పిన్నిగారు ఎంత సంతోషపడ్డారో. పాతికేళ్ళుగా ఆ దారిన పోతూ ఆవిడ ఆ రాయి చూడలేదట. "చూశావా, నాకు తెలీంది నువ్వు చూపించావ్" అని ఆ వారం ఆరు టోకెన్లిచ్చారు.

వసంతం వస్తే వంతెనలు లేచేవి. చలికాలమంతా షెడ్లలో ఉన్న తెరచాప పడవల్ని నది మీదుగా లేక్ మిషిగన్‌కి తీసికెళ్తుంటే ఒక్కో వంతెన దగ్గర టంగు టంగుమని గంటలు, గేట్లు పడిపోవడం, రోడ్డు మధ్యకి చీలి రెండు ముక్కలూ ఆకాశంలోకి లేవడం, కార్లూ మనుషులూ అంతా ఆగిపోవడం. ఎవరూ విసుక్కునేవారు కాదు. క్లార్క్ స్ట్రీట్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు పిన్నిగారు ఒడ్డు చూపించి చెప్పారు, 1915లో ఈస్ట్‌ల్యాండ్ అనే ఓడ ఫ్యాక్టరీ కూలీల్నీ వాళ్ళ పెళ్ళాం పిల్లల్నీ పిక్నిక్‌కి ఎక్కించుకుని ఇక్కడే, ఒడ్డుకి తాడు కట్టి ఉండగానే ఒరిగిపోయింది, 844 మంది పోయారు, 20 అడుగుల నీళ్ళలో. గంటలు మోగుతుండగా విన్నాను కాబట్టేమో ఇప్పటికీ వంతెన గంట వింటే అదే గుర్తొస్తుంది.

ఎండాకాలం ఒకసారి గ్రేస్‌ల్యాండ్ శ్మశానం. మనవాళ్ళెవరైనా శ్మశానానికి షికారు తీసికెళ్తారా అని నేను మొదట భయపడ్డాను. ఆవిడ ఇంట్లో గదులు చూపించినట్టు చూపించారు. చెరువు మధ్య లంక మీద డానియల్ బర్నహమ్, 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్ కట్టించినాయన. రైలు పెట్టెల పుల్‌మన్, తన పనివాళ్ళే తవ్వి తీస్తారేమోనని భయపడి కాంక్రీటు, రైలు పట్టాల కింద పూడ్పించుకున్నాడు. సలివాన్. ఇంకో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో, ఒక నల్లరాతి పలక, అంతే. ఖాన్ గారి రాయి దగ్గర పిన్నిగారు బ్యాగులోంచి చెక్కిన పెన్సిల్ ఒకటి తీసి పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. నేనేమీ అడగలేదు.

*

ఒక్క వారం మాత్రం నేను మాట తప్పాను.

1999 జనవరి మొదట్లో ఇరవై అంగుళాలు దాటి మంచు పడింది. కార్లు గుర్తు పట్టలేకుండా పూడుకుపోయాయి. తవ్వి తీసుకున్నవాళ్ళు తమ చోటు పోకుండా వంటింటి కుర్చీలు రోడ్డు మీద పెట్టుకున్నారు. ఆ వారంలోనే ఇంటి నుంచి ఫోను, నాయనమ్మ పోయిందని. అప్పటికే మూడు రోజులైందట, నేను కంగారు పడతానని చెప్పలేదట. నేను వెళ్ళే పరిస్థితి లేదు. మావారు ఉన్నంతసేపూ మామూలుగా ఉండి ఆయన వెళ్ళగానే రేడియేటర్ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. రోడ్లు తేరుకున్నాక కూడా ఆ వారం ఒకసారే బయటికెళ్ళాను, రెండు టోకెన్లు మిగిలిపోయాయి.

మంగళవారం పిన్నిగారు అడిగితే నోటికొచ్చింది చెప్పేశాను. బకింగ్‌హామ్ ఫౌంటెన్‌కి వెళ్ళానన్నాను. కేట్ బకింగ్‌హామ్ అనే ఆవిడ పోయిన అన్న పేరు మీద 1927లో కట్టించిన ఫౌంటెన్ అది, పిన్నిగారే ఎప్పుడో చెప్పారు. ఎలా ఉందమ్మాయ్ అన్నారు. చాలా బాగుంది పిన్నిగారూ, నీళ్ళు ఎంత ఎత్తుకి ఎగిరాయో అన్నాను. ఆవిడ నా మొహం ఒక్క క్షణం చూసి, "అవును, 150 అడుగులు లేస్తుంది" అన్నారు. టోకెన్లు లెక్క అడగలేదు.

ఆ తర్వాతి మంగళవారం గడియారం దగ్గరకి రావద్దన్నారు. ఆవిడే డెవాన్ దాకా వచ్చి, మూడంతస్తులు ఎక్కి తలుపు కొట్టి, కోటు వేసుకో అన్నారు. బస్సు, రైలు, మళ్ళీ రైలు. మర్చండైజ్ మార్ట్‌లో దిగి నడిపించుకుంటూ కింజీ స్ట్రీట్ వంతెన మీదకి తీసికెళ్ళి నిలబెట్టారు. కింద నది అంచుల్లో మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఎదురుగా ఫ్యాక్టరీ. ఆ చలిలో ఆ వాసన ఎంత చిక్కగా ఉందంటే నోట్లోకి వస్తున్నట్టుంది. ఈ వాసన మా నాయనమ్మ కాఫీ గింజలు వేయించినట్టుంటుందని నేను ఎప్పుడో ఒక్కసారి అన్నాను, మొదట్లో. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, నా చెయ్యి తన కోటు జేబులో పెట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి నేనే చెప్పేశాను. అంతా చెప్పాను, నాయనమ్మ పేరు, ఆవిడ మూకుడు, మూడు రోజులు నాకు చెప్పని సంగతి. పిన్నిగారు జేబురుమాలు ఇచ్చి, "ఇంకాసేపు ఉందాం" అన్నారు.

ఫౌంటెన్ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ మరుసటి శీతాకాలం ఆ పక్కగా వెళ్తుంటే చూశాను, ఒక్క చుక్క లేదు, ఎండిపోయిన రాతి తొట్టెల్లో మంచు. అక్టోబర్ మధ్యలో ఆపేస్తే మళ్ళీ మే దాకా వదలరు. పిన్నిగారికి అది తెలీకుండా ఎలా ఉంటుంది అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత మేం ఊరు మారిపోయాం, ఏళ్ళు గడిచాయి, ఫోన్లో ఎన్నో మాట్లాడుకున్నాం గానీ అది ఇద్దరం ఎత్తలేదు.

ఆ రెండు టోకెన్లు నా దగ్గరే ఉండిపోయాయి. ఈసారి పర్సులో వేసుకుని వెళ్ళాను. సంవత్సరీకం అయ్యాక, భోజనాలైపోయి అందరూ వెళ్ళిపోయాక, వంటింట్లో వాళ్ళమ్మాయి గిన్నెలు సర్దుతుంటే ఆ రెండూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుని వచ్చి ఒక టోకెన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మ ఆరోజు ఇంటికొచ్చి కోటు కూడా విప్పలేదక్కా. నాకు బాగా గుర్తు, నేను హోంవర్క్ చేసుకుంటున్నా. నాన్నతో అంటోంది, ఆ పిల్ల జనవరిలో ఫౌంటెన్ చూశానంది, పాపం ఏదో పెద్ద కష్టమే వచ్చి ఉంటుంది, నేనడిగితే చెప్పదు, ఎక్కడికి తీసికెళ్తే చెప్తుందో ఆలోచించాలి అని."